చిక్కుముడిలోని రసం

కథను వినడం ఒక సుఖం. కథలో నడవడం మరొక సుఖం. మొదటిదానిని సాహిత్యం వేల యేండ్లుగా అందిస్తున్నది. రెండవది కంప్యూటరు వచ్చిన తరువాతనే అందరికీ అందుబాటులోకి వచ్చినది. అయినను ‘కంప్యూటరు ఆట’ అనే మాట చెవిని పడగానే పెద్దలలో పలువురు ముఖం చిట్లిస్తారు. ఉపాధ్యాయుల గదిలో ఆ మాట వచ్చినదంటే సాధారణంగా ఫిర్యాదుగానే వస్తుంది: పిల్లవాడు నిద్ర మానినాడనీ, పాఠం మరచినాడనీ, కన్నులు పాడుచేసుకొంటున్నాడనీ. ఆ ఫిర్యాదులలో సత్యం లేకపోలేదు. కాని చెడ్డ నవలలు ఉన్నవన్న కారణంతో నవలాప్రక్రియనే ఎవరూ తోసిపుచ్చరు. అట్లే చెడ్డ ఆటలు ఉన్నవని ఆటలన్నింటినీ ఒకే గాటను కట్టివేయడం న్యాయం కాదు. ఏ ఆట బుద్ధిని మేల్కొలుపుతున్నది, ఏ ఆట బుద్ధిని జోకొడుతున్నది అన్న వివేచన చేయగలిగినవాడే పిల్లవానికి నిజమైన సలహా ఇవ్వగలడు.

కంప్యూటరు ఆటలలో ‘అడ్వెంచర్ గేమ్’ అని పేరు పొందిన జాతి ఒకటి ఉన్నది. తెలుగులో దానిని సాహసకథాక్రీడ అనవచ్చును. ఇందులో పరుగుపందెం ముఖ్యం కాదు. గురిచూసి కొట్టడం ముఖ్యం కాదు. ఒక చోటు ఉంటుంది, ఒక కథ ఉంటుంది, ఆ కథాగమనంలో మూసిన తలుపులు కొన్ని ఉంటవి. ఆడేవాడు చూచి, విని, ఆలోచించి ఆ తలుపులను తెరవవలెను. ఈ జాతికి ఆద్యుడు విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామరు. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలలో తిరిగి పటాలు గీసిన అనుభవం ఆయనకు ఉన్నది. ఆ గుహల జ్ఞాపకంతో, తన కుమార్తెల వినోదం కోసం, 1976 ప్రాంతంలో కేవలం అక్షరాలతో నడిచే ఆట నొకదానిని ఆయన వ్రాసినాడు. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో ఉండిన డాన్ వుడ్స్ దానిని పెంచి విస్తరించినాడు. 1980లో రాబర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ దంపతులు ‘మిస్టరీ హౌస్’ అనే ఆటలో అక్షరాలకు గీతల బొమ్మలను జోడించినారు. అప్పటినుండి చిత్రం కూడా కథకు నోరైనది.

ఈ మార్గంలో వెలువడిన కృతులలో ‘మిస్ట్’ అనే దానికి విశిష్టస్థానం ఉన్నది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్పోకేన్ నగర ప్రాంతంలో, రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు ‘సయాన్’ అనే చిన్న సంస్థను పెట్టుకొని దీనిని నిర్మించినారు. 1993 సెప్టెంబరులో మకింతోష్ కంప్యూటర్లకు ఇది విడుదలైనది. జూల్స్ వెర్న్ వ్రాసిన ‘మిస్టీరియస్ ఐలండ్’ నవల పేరునుండి వారికి ఈ పేరు స్ఫురించినది. సాధనసంపత్తి స్వల్పం. ‘హైపర్‌కార్డ్’ అనే సామాన్యమైన ఉపకరణంతో, పేకముక్కల కట్టవలె ఒకదాని వెనుక ఒకటిగా చిత్రాలను పేర్చినారు. చిత్రంలో ఒకచోట మౌసుతో నొక్కితే తరువాతి చిత్రం వస్తుంది. ఆడేవాడు ఒక అడుగు ముందుకు వేసినట్లు. ఇట్టి చిత్రాలు సుమారు 2,500. సంగీతం తమ్ముడైన రాబిన్ కూర్చినాడు. కథలోని ముఖ్యపాత్రలను కూడా ఆ అన్నదమ్ములే నటించినారు. ఇంత చిన్న ప్రయత్నం 60 లక్షలకు మించిన ప్రతులుగా అమ్ముడుపోయినది. 2002లో ‘సిమ్స్’ అనే ఆట దాటిపోయేవరకు, వ్యక్తిగత కంప్యూటర్ల ఆటలలో అమ్మకానికి ఇదే అగ్రగామి. 2012లో న్యూయార్కులోని ఆధునిక కళాసంగ్రహాలయం తన సేకరణలోకి తొలిసారిగా తీసుకొన్న 14 కంప్యూటరు ఆటలలో ఇదీ ఒకటి.

అయితే అమ్మకం గొప్పతనానికి ప్రమాణం కాదు. సంగ్రహాలయపు గౌరవమూ రసజ్ఞునికి చాలదు. ఆ ఆటలో ఏమున్నదో చూడవలెను.

ఆట ప్రారంభంలో ఒక పుస్తకం కనిపిస్తుంది. దానిని తెరచి, లోపలి చిత్రంపై చేయి ఉంచినంతనే చదువరి ఆ పుస్తకంలో వర్ణితమైన ద్వీపంలో పడిపోతాడు. పుస్తకం లోకానికి ద్వారమన్న మాట అలంకారంగా అందరూ విన్నదే. ఇక్కడ అది అక్షరాలా జరుగుతుంది. ద్వీపం నిర్జనం. ఒక రేవు, మునిగిన ఓడ, దేవదారు వృక్షాలు, ఒక గ్రంథాలయం, ఒక గోపురం. గాలి చప్పుడు, నీటి చప్పుడు తప్ప పలకరించేవారు లేరు. ఏమి చేయవలెనో చెప్పే ఆజ్ఞ లేదు. గడియారం తరమదు. శత్రువు మీద పడడు. తప్పు మీట నొక్కినందుకు ప్రాణం పోదు. ఆడేవానికి దొరికినది కేవలం తీరిక. ఆ తీరికలో మొదట కలిగేది విసుగు, పిదప కుతూహలం, ఆ పిదప ఏకాగ్రత. ఈ మూడు మెట్లను ఎక్కించగలగడమే ఆ నిర్మాతల నేర్పు. ఆట అమ్మిన పెట్టెలో ఖాళీ కాగితాల పుస్తకం ఒకటి కూడా ఉంచినారు. చూచినది వ్రాసుకొమ్మని దాని భావం. నోటుపుస్తకం తెరువనివానికి ఈ ద్వీపం తన గుట్టు చెప్పదు.

ఒక చిక్కుముడిని ఉదాహరణగా తీసుకొనవచ్చును. రేవులో ఓడ మునిగి ఉన్నది. కొంతదూరంలో ఒక నీటి తొట్టి. అందులో అదే ఓడకు చిన్న నమూనా, అదీ మునిగియే ఉన్నది. తొట్టి చుట్టూ గుర్తులు చెక్కిన ఎనిమిది స్తంభాలు. గ్రంథాలయం వెనుక గోపురాన్ని ఓడ దిక్కుకు తిప్పి పైకెక్కితే అక్కడ మూడు తేదీలు, వేళలతో సహా కనిపిస్తవి. ఆ తేదీలతో ఏమి పని? మరొకచోట నక్షత్రశాల ఉన్నది. అందులో తేదీని, వేళను అమర్చితే ఆనాటి ఆకాశం కప్పుపై కనిపిస్తుంది. ఆ చుక్కల కూర్పులకు పేర్లు, ఆకారాలు గ్రంథాలయంలోని ఒక దినచర్యపుస్తకంలో గీయబడి ఉన్నవి. మూడు తేదీలకు మూడు నక్షత్రరాశులు: ఆకు, పాము, పురుగు. తొట్టి చుట్టూ ఉన్న స్తంభాలలో ఆ మూడు గుర్తులను నొక్కినంతనే చిన్న ఓడ నీటినుండి పైకి లేస్తుంది. దూరాన రేవులో పెద్ద ఓడ కూడా లేచి నిలబడుతుంది.

ఈ చిక్కుముడిలో ఆడేవాడు బయటినుండి తెచ్చుకొనవలసిన విద్య ఏదీ లేదు. గోపురం, ఆకాశం, పుస్తకం, స్తంభం అన్నీ కన్నుల ఎదుటనే ఉన్నవి. వాటి నడుమ ఉన్న సంబంధం మాత్రమే దాగి ఉన్నది. ఆ సంబంధం తోచిన క్షణంలో కలిగే ఆనందం పొడుపుకథను విప్పిన పిల్లవాని ఆనందం వంటిది. మంచి పొడుపుకథలో సమాధానం మాటల వెనుకనే ఉంటుంది. విప్పిన తరువాత ‘ఇంత తేలికా!’ అనిపించవలెను, విప్పకముందు దారి లేదనిపించవలెను. ఈ రెండూ ఒకేచోట నిలిపినవాడే మంచి పొడుపరి.

కాశ్మీర ఆలంకారికుడైన క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో ‘ఔచిత్యవిచారచర్చ’ అనే గ్రంథం వ్రాసి, కావ్యానికి ప్రాణం ఔచిత్యమేనని సిద్ధాంతం చేసినాడు. ఎచ్చట ఏది తగునో అచ్చట అది ఉండడమే ఔచిత్యం. కావ్యం కోసం చెప్పిన ఆ మాట సాహసకథాక్రీడకు కూడా చక్కగా అతుకుతుంది. చిక్కుముడి కథలోనుండి పుట్టవలెను. కథకు అడ్డంగా పెట్టిన రాయి కాకూడదు. ఈ సూత్రం తప్పిన ఆటలు లేకపోలేదు. 1999లో వచ్చిన ‘గేబ్రియల్ నైట్’ మూడవ భాగం కథలో గంభీరమైనది, పరిశోధనలో లోతైనది. అయినను అందులో ఒకచోట నాయకుడు తన మిత్రుని వేషం ధరించవలసి వస్తుంది. అందుకు పిల్లి వెండ్రుకలు సంపాదించి, పాకంతో అంటించుకొని మీసం పెట్టుకొనవలెను. విశేషమేమనగా ఆ మిత్రునికి మీసమే లేదు! ఇట్టి చోట ఆడేవాడు ఆలోచించి లాభం లేదు. నిర్మాత మనస్సులో ఏమున్నదో ఊహించవలెను. అది బుద్ధికి పరీక్ష కాదు, ఓపికకు శిక్ష. ప్రశ్నపత్రాలు తయారుచేసే ఉపాధ్యాయులకు ఈ భేదం విడమరచి చెప్పనక్కరలేదు. విద్యార్థికి తెలిసినదానిని వెలికితీసే ప్రశ్న ఒకటి. అడిగినవాని తెలివిని ప్రదర్శించే ప్రశ్న మరొకటి.

‘మిస్ట్’ గొప్పతనం చిక్కుముడులతోనే ముగిసిపోలేదు. గ్రంథాలయంలో ఎఱ్ఱని పుస్తకం ఒకటి, నీలిది ఒకటి ఉన్నవి. ఎఱ్ఱని పుస్తకంలో సిరస్, నీలిదానిలో అకెనార్ అనే అన్నదమ్ములు బంధితులై ఉన్నారు. తన పుస్తకానికి చెందిన పుటలను వెదకి తెచ్చి తనను విడిపించుమని ఇద్దరూ వేడుకొంటారు. రెండవవాడు దుర్మార్గుడు, వానిని నమ్మవద్దు అని ఇద్దరూ హెచ్చరిస్తారు. ఎవరి మాట నిజం? ఆడేవాడు పుటల కోసం నాలుగు లోకాలు తిరుగుతాడు. ఆ లోకాలలో ఆ సోదరులు నివసించిన గదులు కనిపిస్తవి. ఒకని గదులలో విలాసం, దురాశ. మరొకని గదులలో ఆయుధాలు, హింసాసాధనాలు. ఎవరూ వ్యాఖ్యానం చేయరు. గదులే సాక్ష్యం చెప్పుతవి. జాలితో కూడిన మాటలు ఒకవైపు, మూగగా పడి ఉన్న వస్తువులు మరొకవైపు. మాటను నమ్మి ఎవనినైనా విడిపించినవాడు తానే ఆ పుస్తకంలో బందీ అవుతాడు. వస్తువులను చదివినవాడు ఇద్దరినీ నమ్మక, వారు తాకవద్దన్న ఆకుపచ్చని పుస్తకాన్ని తెరచి, వారి తండ్రియైన ఆట్రస్‌ను కనుగొంటాడు.

ఇది కేవలం వినోదమని కొట్టివేయడానికి వీలులేదు. చేతిలోని ఫోనులోనికి నిమిషానికొక వార్త, వార్తకొక వక్త వచ్చిపడుతున్న కాలంలో, ‘ఎవరు గట్టిగా చెప్పినారు’ అని కాక ‘ఏ సాక్ష్యం ఉన్నది’ అని అడగడం నేర్చుకొనవలసిన తరం ఇది. ఆ పాఠాన్ని ఉపన్యాసంగా చెప్పితే విద్యార్థి తల ఊపి మరచిపోతాడు. ఇక్కడ తాను పొరబడితే తానే బందీ అవుతాడు; కనుక మరవడు. నీతిని బోధించకుండా నీతిని అనుభవింపజేయడం ఉత్తమకథ లక్షణమని పెద్దలు చెప్పినది ఇందుకే.

1997లో ఇదే సంస్థ వెలువరించిన ‘రివెన్’ అనే తరువాతి కథలో ఉపాధ్యాయులు తప్పక గమనించవలసిన ఘట్టం ఒకటి ఉన్నది. ఆట్రస్ తండ్రియైన గెన్ అనేవాడు ఒక ద్వీపసముదాయానికి తానే దేవుడనని చెప్పుకొని ఏలుతుంటాడు. ఆ లోకపు అంకెలు వేరు. వాటిని తెలుసుకొననిదే కథ ముందుకు సాగదు. ఆ అంకెలు నేర్పేది ఎవరు? పల్లెలోని చిన్న బడిగది. అందులో పిల్లలకు లెక్క నేర్పే ఆటబొమ్మ ఒకటి ఉన్నది. దానిని తిప్పితే ఒక గుర్తు కనిపిస్తుంది. తాడున వేలాడే మనిషిబొమ్మ ఆ గుర్తుకు తగినన్ని మెట్లు క్రిందికి దిగుతుంది. ఎన్ని మెట్లు దిగినదో లెక్కపెట్టుకొంటే ఆ గుర్తు విలువ తెలుస్తుంది. ఒకటినుండి పదివరకు ఇట్లు నేర్చుకొనవచ్చును. పైఅంకెలను బొమ్మ చెప్పదు. గుర్తుల కూర్పును పరిశీలించి ఊహించవలెను. ఒకటి గుర్తును ప్రక్కకు త్రిప్పితే ఐదు. ఆ రెండింటిని కలిపితే ఆరు. ఈ సూత్రం పట్టుబడితే తక్కినవి వాటంతట అవే వస్తవి. కంఠస్థం చేయించకుండా సంఖ్యామానాన్ని నేర్పే పద్ధతికి ఇంతకన్న చక్కని నమూనా అరుదు.

అయితే ఆ బొమ్మ దిగేది ఎక్కడికి? క్రింద నోరు తెరచుకొన్న భయంకర జలజంతువు వద్దకు. ఆ లోకంలో రాజాజ్ఞ మీరినవారిని నిజంగానే ఆ జంతువుకు ఆహారంగా వేస్తారు. లెక్క నేర్చుకొంటున్న ఆటగానికి ఒక క్షణం తరువాత ఒళ్లు జలదరిస్తుంది. ఆ పిల్లలు అంకెలతోపాటు భయాన్ని కూడా నేర్చుకొంటున్నారని తెలుస్తుంది. ఒక నియంత పాలన ఎట్టిదో చెప్పడానికి పుటల కొలది వర్ణన అక్కరలేకపోయినది. బడిలోని ఒక్క బొమ్మ చాలినది. బడి ఏమి నేర్పుతున్నదన్నది ఒక ప్రశ్న. దేనితో నేర్పుతున్నదన్నది మరొక ప్రశ్న. బెత్తం చేతబట్టి ఎక్కాలు చెప్పించే ప్రతి తరగతిగదికీ ఈ రెండవ ప్రశ్న వర్తిస్తుంది.

ఇక ఈ ఆటల రసాన్ని హరించే శత్రువు ఒకటి ఉన్నది. దాని పేరు ‘వాక్‌త్రూ’. ఏ తలుపు వద్ద ఏ మీట నొక్కవలెనో వరుసగా చెప్పే పరిష్కారమాలిక అది. దానిని ప్రక్కన పెట్టుకొని ఆడినవాడు ఆటను పూర్తిచేయగలడు. కాని ఆడినవాడు కాజాలడు. ఓడ లేస్తుంది, అతని మనస్సు లేవదు. తెలుగునాట విద్యార్థులకు ఈ వస్తువు క్రొత్తది కాదు. గైడు అనే పేరుతో అది ప్రతి పుస్తకాల దుకాణంలోనూ ఉన్నది. లెక్క చేయడం కన్న లెక్క జవాబు ముఖ్యమనీ, పద్యం చదవడం కన్న తాత్పర్యం బట్టీపట్టడం లాభమనీ ఏండ్ల తరబడి అలవాటుచేయబడిన బుద్ధికి, జవాబు తెలియని స్థితిలో పది నిమిషాలు కూర్చోవడమే దుర్భరమవుతుంది. నిజానికి ఆ పది నిమిషాలలోనే విద్య ఉన్నది. తెలియనితనాన్ని సహించగల ఓర్పు లేనివానికి శాస్త్రం లేదు, కవిత్వం లేదు.

అంటే సహాయమే కూడదని కాదు. 1980ల తొలినాళ్లలో ఇన్ఫోకామ్ అనే అమెరికన్ సంస్థ తన ఆటలకు సూచనల పుస్తకాలను అమ్మినది. వాటిలో ప్రశ్నలు కంటికి కనిపిస్తవి. జవాబులు కనిపించని సిరాతో అచ్చువేయబడి ఉంటవి. ప్రత్యేకమైన కలంతో రుద్దితే ఒక్కొక్క పంక్తి బయటపడుతుంది. మొదటి పంక్తి చిన్న సూచన మాత్రమే. రెండవది మరికొంత స్పష్టం. చివరిది పూర్తి సమాధానం. ఎంతవరకు రుద్దవలెనో ఆడేవాని ఇష్టం. మంచి గురువు చేసేది సరిగా ఇదే. శిష్యుడు ఆగిపోయినచోట పూర్తిగా మోసుకొనిపోడు. ఒక వేలు అందించి, నడిచేవరకు వేచియుంటాడు.

ఆటలను పాఠశాలలోనికి రానీయరాదనేవారికి ఒక నిదర్శనం చూపవచ్చును. ఇంగ్లండులోని చ్యూ మాగ్నా ప్రాథమిక పాఠశాలలో టిమ్ రైలాండ్స్ అనే ఉపాధ్యాయుడు ‘మిస్ట్’ వరుసలోని ఆటలను తరగతిలో పెద్ద తెరపై చూపి, వాటితో పిల్లలకు రచన నేర్పినాడు. ఆయన ఆ లోకంలో నెమ్మదిగా నడుస్తుంటే పిల్లలు చూచినదానిని, విన్నదానిని మాటలలో పెట్టి వర్ణించేవారు. అక్కడ గెలుపు ముఖ్యం కాదు. గమనించడం, గమనించినదానికి తగిన మాట వెదకుకొనడం ముఖ్యం. ఈ పద్ధతికి 2005లో ఆ దేశపు విద్యాసాంకేతిక సంస్థయైన బెక్టా పురస్కారం లభించినది. యంత్రం ఉపాధ్యాయుని స్థానాన్ని ఆక్రమించలేదు. ఉపాధ్యాయుని చేతిలో సుద్దముక్క వంటి సాధనమైనది.

ఈ ఆటలు దోషరహితాలని వాదించనవసరం లేదు. ‘మిస్ట్’లోనే భూగర్భంలోని చిక్కుదారి ఒకటి ఉన్నది. అక్కడ ఏ దిక్కుకు తిరగవలెనో శబ్దం చెప్పుతుంది. ఆ శబ్దాల అర్థం మరొక లోకంలో తెలుస్తుంది. అక్కడికి ముందుగా పోనివాడు గుడ్డిగా తిరిగి తిరిగి అలసిపోతాడు. వినికిడి లోపం ఉన్నవానికి ఆ ఘట్టం మరింత కష్టం. పైగా ఎంత మంచి ఆటకైనా మితం అవసరం. కన్నులకు విశ్రాంతి, కాళ్లకు మైదానం కావలెను. అయితే ఒక భేదం మరువరాదు. తిరిగి తిరిగి పిలిచి, నాణేలు అడిగి, ఎన్నటికీ ముగియకుండా కట్టబడిన ఆటలు వేరు. సాహసకథాక్రీడకు నవలకు వలె ఆది ఉన్నది, అంతం ఉన్నది. ముగిసిన తరువాత అది ఆడినవానిని విడిచిపెడుతుంది. విడిచిపెట్టడం తెలిసిన వినోదమే ఆరోగ్యకరమైన వినోదం.

‘మిస్ట్’ ముగింపు ఈ విషయంలో చెప్పుకోదగినది. సరియైన దారిలో తుదిముట్టినవానికి బాజాలు మ్రోగవు, కిరీటం రాదు. ఆట్రస్ కృతజ్ఞత చెప్పి, ఇక ఇష్టమున్నంతకాలం ఈ లోకాలను చూచుకొనవచ్చునని మాత్రం అంటాడు. బహుమానమంటే అదే: ఒకప్పుడు మూసియున్న తలుపులన్నీ తెరచియున్న ద్వీపం. మార్కులకూ ర్యాంకులకూ అలవాటుపడిన విద్యార్థికి ఇది మొదట నిరుత్సాహంగా తోచవచ్చును. కాని చదువు పూర్తియైన నాటికి చదువు ఇవ్వదగినది కూడా ఇంతకుమించి లేదు. చూచినదానిని మరల చూడవలెనన్న కోరిక, చూడగల కన్ను: ఈ రెండూ ఉన్నవానికి ఏ గైడుతోను పని ఉండదు. కనుక విద్యార్థి చేతిలో ఆట కనిపించినప్పుడు దానిని లాగుకొనుటకు ముందు ఉపాధ్యాయుడు ఒక నిమిషం ఆగి, అందులో ఏమి జరుగుతున్నదని అడగడం మంచిది. జవాబుగా మార్కుల లెక్క వస్తే ఆ ఆటను ప్రక్కన పెట్టించవచ్చును. జవాబుగా ఒక కథ, ఒక సందేహం, నోటుపుస్తకంలో గీసుకొన్న పటం వస్తే, ప్రక్కన కుర్చీ వేసుకొని కూర్చొనవచ్చును.